రెండు పుస్తకాల లెక్క: నెల్లూరు తీరంలోని కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో పోర్టులు, పవర్ ప్లాంట్లు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు నడుపుతున్న యాజమాన్యాలకు, వాటి సి.ఎస్.ఆర్. (సామాజిక బాధ్యత ఖర్చు చూసే) కమిటీల సభ్యులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను బి.కాం. చదివిన యానాది గిరిజనుల అమ్మాయిని. మా నాయన చాలా ఏళ్ళు రొయ్యల గుంట దగ్గర కావలి ఉన్నాడు. నేను రెండేళ్ళు మీలాంటి ఒక కంపెనీ సి.ఎస్.ఆర్. పనుల్లో, ఏజెన్సీ ద్వారా, ఫీల్డు కోఆర్డినేటరుగా చేశాను. అంటే గేటుకు ఈ పక్కా చూశాను, ఆ పక్కా చూశాను. ఈ ఉత్తరం రాసే అర్హత నాకు అంతకు మించి ఏమీ లేదు.

బి.కాం.లో మాకు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని ఒక పాఠం ఉండేది. ఇంగ్లీషు మీడియం పిల్లలు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ అనేవాళ్ళు. వ్యాపారి రాసుకున్న నగదు పుస్తకంలో ఒక నిల్వ ఉంటుంది, బ్యాంకు ఇచ్చిన పాసు పుస్తకంలో ఇంకో నిల్వ ఉంటుంది. ఉన్న డబ్బు ఒకటే, అంకెలు మాత్రం కలవవు. అప్పుడు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, ఏ చెక్కు ఇంకా జమ కాలేదు, ఏ చార్జీ మనం రాసుకోలేదు అని ఒక్కో పద్దుకు టిక్కు పెట్టుకుంటూ రావాలి. మా సారు బోర్డు మీద రాస్తూ అనేవారు: "రెండో పుస్తకం లేకపోతే ఈ పాఠమే లేదమ్మా. ఒక్క పుస్తకమే ఉంటే నమ్మి ఊరుకోవడమే."

ఆ మాటకు క్లాసులో ఎవరూ తల ఎత్తలేదు. నాకు మాత్రం మా నాయన అడ్వాన్సు పుస్తకం గుర్తొచ్చింది.

అక్క కాన్పు ఆపరేషన్‌కు నాయన గుంటల ఆసామి దగ్గర 15,000 అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు రాత్రీ పగలూ ఆ గుంట గట్టు మీదే ఉన్నాడు. మోటారు షెడ్డులోనే పడక. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, ఏరేటర్లు ఆగితే నీళ్ళలో గాలి చాలక రొయ్య తేలిపోతుంది. అందుకని నాయనకు నిద్ర ఎప్పుడూ సగమే. పండగకు ఇంటికి వచ్చినా చెవి మోటారు శబ్దం మీదే ఉండేది. నెలకు వెయ్యి చొప్పున జీతంలో కోసుకునేవాళ్ళు. పుస్తకం ఆసామి స్కూటర్ డిక్కీలో ఉండేది. వేలిముద్ర నాయనది, రాత ఆసామిది.

ఇంటర్ సెలవుల్లో నేను నా నోటు పుస్తకంలో నాయనను అడిగి అడిగి రాసుకున్నాను. మొదటి అడ్వాన్సు 15,000. మూడు సంక్రాంతులకు రెండేసి వేలు. ఒకసారి జ్వరానికి మూడు వేలు. ఆరు బియ్యం బస్తాలకు ఆరు వేలు. మొత్తం ముప్పై వేలు. మూడేళ్ళలో కోత ముప్పై ఆరు వేలు. అంటే ఆసామే మాకు ఆరు వేలు ఇవ్వాలి. నోటు పుస్తకం పట్టుకుని గట్టు మీదికి పోయాను. నాయన నా వెనకే నడుస్తూ "వద్దులేమ్మా, సామికి కోపమొస్తాది" అంటానే ఉన్నాడు.

ఆసామి పుస్తకంలో నాయన ఇంకా 22,000 బాకీ. రెండు పద్దులు నా దగ్గర లేవు. ఒకటి వడ్డీ, పది వేలు. రెండోది మోటారు కాపర్ వైరు పోయినందుకు పద్దెనిమిది వేలు. వైరు ఎవరు కోసుకుపోయారో ఎవరికీ తెలియదు. "మీ వాళ్ళు కాక ఇంకెవురు తీస్తారే?" అన్నాడు ఆసామి. అంతే, ఆ ఒక్క మాటతో పద్దెనిమిది వేలు పుస్తకంలోకి ఎక్కాయి.

ఊరి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. బాకీలో సగం కొట్టేశారు. మిగతా పదకొండు వేలకు నాయన మళ్ళీ వేలిముద్ర వేశాడు. అందరూ సంతోషించారు. నాయన కూడా సంతోషించాడు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో కనిపించిన ఆ సంతోషం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మీ సి.ఎస్.ఆర్. మీటింగుల్లో, కన్సల్టెంట్లు చూపించే స్లైడుల్లో 'రీకన్సిలియేషన్' అనే మాట నాకు మళ్ళీ ఎదురైంది. కెనడాలో, ఆస్ట్రేలియాలో కంపెనీలు ఆదివాసులతో చేస్తున్నదాన్ని అలా అంటారని చెప్పారు. పక్కనే ఉన్న మేనేజరు గారు దానికి తెలుగు "రాజీ" అన్నారు. నేను నోరు మెదపలేదు, కాంట్రాక్టు ఉద్యోగం కదా. ఇప్పుడు చెబుతున్నాను: రాజీ వేరు, సమన్వయం వేరు. రాజీకి ఒక్క పుస్తకం సరిపోతుంది, అది మీ పుస్తకమే. సమన్వయానికి మా పుస్తకం కూడా తెరవాలి.

కెనడా సంగతి తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. అక్కడ ఆదివాసుల పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయి, వాళ్ళ భాషా ఆచారాలూ మరిచిపోయేలా బోర్డింగు బడుల్లో పెట్టారు. తరాల తరబడి అలా సాగింది. దానిమీద వేసిన సత్యశోధన, సమన్వయ కమిషన్ ఏళ్ళ తరబడి బాధితుల మాటలు విని, 2015లో 94 పనులు చేయమని చెప్పింది. వాటిలో 92వది ప్రభుత్వానికి కాదు, కంపెనీలకు. ప్రాజెక్టు మొదలుపెట్టక ముందే ఆ నేల మనుషులతో మాట్లాడి, విషయమంతా తెలిపి, వాళ్ళు స్వేచ్ఛగా ఒప్పుకున్నాకే ముందుకు పొమ్మంది. ఉద్యోగాల్లో, శిక్షణలో వాళ్ళకు న్యాయమైన వాటా ఇమ్మంది. ఇంకొకటి కూడా ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చినది అదే: మీ మేనేజర్లకు, సిబ్బందికి ఆ ప్రజల చరిత్ర నేర్పించండి అంది. మామూలుగా శిక్షణ అంటే మాకే ఇస్తారు కదా. ఇక్కడ శిక్షణ మీకు.

ఆస్ట్రేలియాలో కథ ఇంకో రకం. 2020 మే నెలలో రియో టింటో అనే పెద్ద మైనింగ్ కంపెనీ ఇనుప ఖనిజం కోసం జూకన్ గార్జ్ అనే చోట రాతి గుహలను పేల్చేసింది. 46,000 ఏళ్ళ కిందట మనుషులు మసలిన ఆనవాళ్ళు అక్కడ దొరికాయి. ఆ నేల వాళ్ళకు అది పూజ్యమైన చోటు. కంపెనీ దగ్గర చట్టప్రకారం అనుమతి ఉంది. అంతేకాదు, ఆదివాసులతో సమన్వయ ప్రణాళిక అని అందంగా అచ్చేసిన పుస్తకమూ ఉంది. రెండూ ఉండీ గుహలు మిగల్లేదు. ఆ ప్రణాళికకు ఆమోదం ఇచ్చిన సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది. కొన్ని నెలలకు కంపెనీ సి.ఇ.ఒ. కూడా పదవి వదులుకోవాల్సి వచ్చింది. చట్టం ఒప్పుకున్నది చేశాం అనే జవాబు అక్కడ చెల్లలేదు.

ఇక్కడ చెల్లుతోంది. ఎందుకు చెల్లుతోందో కొంచెం వివరంగా చెప్పాలి, మీలో చాలామందికి మా సంగతి తెలియదని నా అనుమానం.

గిరిజనులంటే అరకు, పాడేరు, రంపచోడవరం అనుకుంటారు. యానాదులం కొండల మీద ఉండం. ఉప్పుటేళ్ళ పక్కన, చెరువు కట్టల కింద, ఊళ్ళ చివర ఉంటాం. 2011 జనాభా లెక్కల్లో మేము ఐదు లక్షలకు పైనే, ఎక్కువమంది నెల్లూరు ప్రాంతంలోనే. అందుకే మైదానంలో ఉన్నా నెల్లూరులో యానాదుల కోసం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టారు. కానీ నెల్లూరు గానీ ప్రకాశం గానీ రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు కింద వచ్చే ప్రాంతాలు కావు. కాబట్టి గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఇక్కడ లేదు. గ్రామసభకు బలమిచ్చిన 1996 నాటి పెసా చట్టం లేదు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఇక్కడికి రాదు. దోర్నాల, యర్రగొండపాలెం పక్క నల్లమలలో ఉన్న చెంచులకూ ఇవేవీ అక్కరకు రావు. మా ఒప్పుకోలు అడగాల్సిన అవసరం మీకు ఏ కాగితం మీదా లేదు. మీరు అడగలేదు.

భూమి తీసుకున్నప్పుడు కూడా అంతే. 1894 నాటి పాత భూసేకరణ చట్టం భూమి మీద హక్కున్నవాడికి డబ్బు ఇచ్చేది. పట్టా ఉన్నవాళ్ళకు పరిహారం వచ్చింది, దాని మీద కోర్టు కేసులూ నడిచాయి. మా తాత ఆ ఉప్పుటేట్లో పీతలు పట్టేవాడు. ఉప్పుటేటికి పట్టా ఎవరిస్తారు? 2013 చట్టం వచ్చాక గానీ, అడవి మీదా నీళ్ళ మీదా ఆధారపడి మూడేళ్ళుగా బతుకుతున్న కుటుంబాన్ని కూడా 'ప్రభావిత కుటుంబం'గా లెక్కించాలనే మాట చట్టంలోకి ఎక్కలేదు. వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, అడవి సరుకు ఏరుకునేవాళ్ళు అని పేరుపెట్టి మరీ రాశారు అందులో. మంచిదే. కానీ ఆ చట్టం 2014 జనవరిలో అమలుకు వచ్చింది. కృష్ణపట్నం కొత్త పోర్టుకు ఓడలు రావడం 2008 నుంచే మొదలైంది.

ఇంకా వెనక్కి పోతే శ్రీహరికోట. ఆ దీవిలో మా వాళ్ళు ఎన్ని తరాలుగా ఉన్నారో చెప్పేవాళ్ళు లేరు. అడవిలో తేనె, దుంపలు, మందు మొక్కలు ఏరుకుని బతికేవాళ్ళు. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసుకు పోయేవి. రాకెట్ కేంద్రం కోసం 1960ల చివర్లో ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది, మా వాళ్ళలో చాలామంది దీవి దాటి ఇవతలికి వచ్చేశారు. రాకెట్ పోతుంటే మేమూ వాకిట్లోకి వచ్చి చూస్తాం, చప్పట్లు కొడతాం, అందులో దొంగతనం ఏమీ లేదు. కానీ ఆ దీవి చరిత్ర చెప్పేటప్పుడు మా పేరు ఒక వాక్యంలోనైనా వస్తే బాగుండునని కూడా అనుకుంటాం.

దొంగతనం అన్నాను గనక మళ్ళీ ఆ కాపర్ వైరు దగ్గరికి వస్తాను. బ్రిటిషువాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, కదలాలంటే పోలీసు హాజరు వేయించుకోమనే చట్టం. మా వాళ్ళలోనూ కొందరిని దాని కిందికి తోశారు. దాన్ని తీసేయించడానికి పోరాడినవాళ్ళలో నెల్లూరి మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు ఉన్నారు. బతుకంతా యానాదుల కోసం తిరిగారు, 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. చట్టం దేశమంతటా 1952కల్లా పోయింది. ఆసామి నోట్లో ఇంకా ఉంది. మీ గేటు దగ్గర సెక్యూరిటీ మా పిల్లల సంచులు మాత్రమే ఎందుకు విప్పి చూస్తారో మీ హెచ్.ఆర్. వాళ్ళను ఒకసారి అడగండి. చరిత్ర శిక్షణ మీకు కావాలన్నది ఇందుకే.

ఇప్పుడు నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను ప్రకారం, ఏడాదికి ఐదు కోట్ల నికర లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో, ఐదు వందల కోట్ల నెట్‌వర్తో ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ముందు చోటు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. నేను పనిచేసిన చోట మార్చి వచ్చిందంటే టెన్షన్. ఖర్చు మిగిలిపోతుంది, ఏదో ఒకటి కొనాలి. ఒక మార్చిలో గిరిజన కాలనీకి 25 కుట్టు మిషన్లు కొన్నాం. షామియానా వేశాం, ఫ్లెక్సీ కట్టాం, మిషన్లకు బొట్లు పెట్టాం. ఫోటో సరిగ్గా రాలేదని ఒకామె చేత రెండుసార్లు తీసుకోబెట్టాం.

నాలుగు నెలల తర్వాత పోయి చూశాను. ఒక ఇంట్లో మిషన్ బల్ల మీద నీళ్ళ బిందె ఉంది. ఇంకో ఇంట్లో చక్రం మీద కోడి ఎక్కి కూర్చుంది. "ఎందుకు కుట్టలేదు పిన్నీ?" అని అడిగితే ఆమె నవ్వింది. "మా ఇంటికి జాకెట్టు గుడ్డ ఎవురు తెచ్చిస్తారమ్మా? నీకు తెల్దా?" అంది.

నాకు తెలుసు. నేను అదే కాలనీలాంటి కాలనీలో పెరిగాను. ఊళ్ళో ఆడవాళ్ళు ఒంటికి తగిలే గుడ్డ యానాది ఇంటికి కుట్టడానికి ఇవ్వరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా మీటింగులో చెప్పలేదు. వార్షిక నివేదికలో "25 మంది గిరిజన మహిళలకు స్వయం ఉపాధి" అనే లైను టైపు చేసింది ఈ చేతులే.

ఇంకో ఏడాది మడ మొక్కలు. పనికి బయటి కాంట్రాక్టరు వచ్చాడు, మా వాళ్ళను కూలికి పిలిచాడు. మా అవ్వ గంప దించి, బురదను కాలి బొటనవేలితో కెలికి చూసి, "ఈడ నాటితే బతకవు నాయనా, పోటు నీళ్ళు ఈడిదాకా రావు, అమాసకీ పున్నానికీ తప్ప" అంది. ఎండిపోయిన నేల మీద ఉప్పు తెల్లగా పొంగి ఉంది, చూపించింది కూడా. కాంట్రాక్టరు చేతిలో మ్యాపు ఉంది. మ్యాపు ప్రకారమే నాటించాడు. వేసవి రాకముందే మొక్కలు పుల్లలయ్యాయి. అవ్వకు ఆ రోజు కూలి ముట్టింది గానీ, ఆమె చెప్పిన మాటకు ఏ పద్దు కిందా విలువ లేకపోయింది. ఆమెకు ఆ ఉప్పుటేరు ఇంటి ముంగిలి. తాటాకు బుట్ట పళ్ళ మధ్య కరుచుకుని, రెండు చేతులూ బురదలో పెట్టి రొయ్య తడుముతుంది. నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో మీ ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఆమె నాలుకతో చెబుతుంది.

ఇలాంటి తెలివికి వెల కట్టలేమని ఎవరూ అనొద్దు, మన పక్కనే కట్టారు. తమిళనాడులో చెన్నైకి దక్షిణాన ఇరులర్లు 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. మాలాగే ఊరవతల ఉండేవాళ్ళు, అంతకుముందు పాము తోళ్ళ కోసం వేటాడేవాళ్ళు. తోళ్ళ వ్యాపారం చట్టం ఆపేశాక, పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేసే పని మొదలుపెట్టారు. మన దేశంలో పాముకాటు మందు తయారయ్యే విషంలో ఎక్కువ భాగం వాళ్ళ దగ్గర నుంచే మందుల కంపెనీలకు పోతుంది. వాళ్ళలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడైయన్ గార్లకు, 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కంపెనీలు చేసింది దానం కాదు, కొనుగోలు. బిల్లు రాసి డబ్బు కడతారు.

మీరు కూడా కొనండి. మీ క్యాంటీనుకు చేపలు, పీతలు నెల్లూరు మార్కెట్టు నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. అదే పీత మా కాలనీ దగ్గర దళారీ చేతికి సగం ధరకు పోతుంది, ఎందుకంటే వాడి దగ్గర మా వాళ్ళు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. లిస్టెడ్ కంపెనీల్లో మొదటి వెయ్యింటికి, షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ తప్పనిసరి చేసిన బాధ్యతా నివేదికలో ఒక ప్రశ్న ఉంటుంది: వెనకబడిన వర్గాల సరఫరాదారుల దగ్గర కొనడానికి ప్రాధాన్యం ఇచ్చే విధానం మీకు ఉందా అని. నేను చూసిన చోట దానికి ఎదురుగా ఒక్క ముక్కలో "లేదు" అని రాసేవాళ్ళు. రాయడానికి సిగ్గుపడాల్సిన ముక్క అది.

రొయ్యల ఎగుమతిదారులకు వేరే ఒక మాట. మీ సరుకు మీద బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్ ముద్ర వేయించుకుంటారు, ఆ ముద్ర చూసి అమెరికాలో కొంటారు. ఆ ప్రమాణాల్లో ఒకటి, చుట్టుపక్కల జనం వాడుకునే ఉమ్మడి స్థలాలకు, చేపలవేట చోట్లకు దారి మూయకూడదని. మా కాలనీ నుంచి ఉప్పుటేటికి పోయే దారికి అడ్డంగా గుంటల కంచె ఉంది. దానికో ఇనప గేటు, గేటుకో తాళం. ఆడిట్‌కు వచ్చినవాళ్ళ కారు వేరే వైపు నుంచి వస్తుంది. ఒకప్పుడు పది నిమిషాల్లో నీళ్ళ దగ్గరికి చేరేవాళ్ళం. ఇప్పుడు చుట్టూ తిరిగి గంట. పోటుకు ముందు పోవాల్సిన పనికి గంట ఆలస్యమంటే ఆ పూట పోయినట్టే. 2025లో అమెరికా సుంకాలతో మీరు నలిగిపోయిన సంగతి నాకు తెలుసు, రొయ్య కౌంటు ధర పడిపోతే మొదట కోత పడేది మా కావలివాళ్ళ జీతంలోనే గనక ఇంకా బాగా తెలుసు. గేటు తీయడానికి మాత్రం డాలరు ధరతో పనిలేదు.

మీ వైపు మాట కూడా నేను విన్నాను. "ఉద్యోగం ఇస్తాం రండి అంటే రారు, వచ్చినా నిలబడరు, డబ్బు చేతిలో పడితే తాగేస్తారు" అంటారు. కొంత నిజం. మా వాళ్ళలో తాగుడు ఉంది, దాని మీద మేము కాలనీలో గొడవలు పడుతూనే ఉన్నాం. మా పెద్దల్లో కూడా కొందరు మీ దగ్గర కవరు తీసుకుని కాలనీ అంతటి తరఫునా సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు, అదీ దాచను. కానీ నెలాఖరు జీతం అనేది రోజూ వండుకునే ఇంటికి ఎంత దూరమో ఆలోచించండి. మొదటి నెల ముప్పై రోజులు ఏం తినాలి? ఆ ముప్పై రోజులకే మా వాళ్ళు అడ్వాన్సు అడుగుతారు, అక్కడే చిక్కుకుంటారు. మొదటి మూడు నెలలు వారం వారం కూలి ఇచ్చి చూడండి. గేటు పాసుకు ఆధార్, అడ్రసు, బ్యాంకు ఖాతా కావాలంటారు. ఇంటి స్థలానికి పట్టా లేనివాడు అడ్రసు ఎక్కడ తెస్తాడు? 25 మిషన్ల డబ్బుతో ఒక మనిషిని ఏడాది పాటు పెట్టుకుని కాలనీ కాలనీకీ తిరిగి ఆధార్లు, కుల ధ్రువపత్రాలు, ఖాతాలు చేయించి ఉంటే, నేను ఆ లైను టైపు చేసేటప్పుడు చేతులు వణికి ఉండేవి కావు.

కావలి పనికి ఎనిమిది గంటల షిఫ్టు, బ్యాంకులో జీతం, అడ్వాన్సు లెక్క రెండు ప్రతుల్లో, ఒకటి మనిషి దగ్గర. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, అడ్వాన్సు కింద మనిషిని కట్టేసి ఉంచడాన్ని అది నేరమంటుంది. మీ సొంత గుంటల్లోనే కాదు, మీరు రొయ్య కొనే ప్రతి గుంటలోనూ ఇది ఉందో లేదో చూడాల్సింది మీరే. యాంటీబయాటిక్ అవశేషం ఉందేమోనని గుంట గుంటకూ పోయి శాంపిల్ తీస్తారు కదా, అదే రోజు అడ్వాన్సు పుస్తకం కూడా తీసి చూడండి. డిక్కీలోనే ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని. మీరు రాకముందు ఆ నేల మీద, ఆ నీళ్ళ పక్కన ఎవరెవరు ఉండేవాళ్ళో మాతో కూర్చుని రాయించండి. ఏ గుడిసె ఎక్కడ, ఏ దారి ఎటు, అమ్మోరి రాయి ఏ చెట్టు కింద, ఏ వంకలో ఏ కాలంలో ఏం దొరికేది. చెప్పగలిగిన ముసలివాళ్ళు తగ్గిపోతున్నారు. మా అవ్వకు చూపు మందగించింది గానీ, కళ్ళు మూసుకుని కూడా పాత దారి చెబుతుంది. దాన్ని మీ వార్షిక నివేదికలో అచ్చు వేయండి, తెలుగులో కూడా, మా బడి పిల్లలు చదివేలా. అందులో మీకు నచ్చని పద్దులు ఉంటాయి. మాకూ మీ పుస్తకంలో నచ్చనివి ఉంటాయి. టిక్కు పెట్టుకుంటూ వద్దాం. మిగిలిన తేడా ఎంతో అప్పుడు చూద్దాం. దానికి పరిహారమా, పనా, దారా, పట్టా కోసం కలెక్టరు ఆఫీసులో మాతోపాటు నిలబడి మాట్లాడటమా అన్నది అంకె తెలిశాక తేలుతుంది. అంకె తెలియకముందే సగం కొట్టేద్దాం అనకండి, ఆ ఆట మా నాయనతో ఒకసారి అయింది.

సి.ఎస్.ఆర్. కమిటీలో కాలనీ ఆడవాళ్ళు ఇద్దరికి చోటు ఇవ్వండి. ఏం కొనాలో వాళ్ళు ఒప్పుకున్నాకే ఖర్చు రాయండి. మార్చిలో కాదు, జూన్‌లోనే అడగండి. కొత్తగా చేరిన ఇంజనీర్లను మొదటి వారంలో ఒక పూట మా వాళ్ళతో ఉప్పుటేటిలోకి పంపండి. బూట్లు విప్పాలి, అది ముందే చెప్పండి.

మీలో ఎవరైనా ఈ ఉత్తరం చదివి మాట్లాడాలనుకుంటే, ఆఫీసుకు పిలవకండి, కాలనీకి రండి. అమావాస్య, పున్నమి రోజుల్లో వద్దు, ఆ పోట్లకు అందరూ నీళ్ళ దగ్గరే ఉంటారు. మిగతా ఏ సాయంత్రమైనా పరవాలేదు. కుర్చీలు లేవు, మంచాలు వేస్తాం. పీతల పులుసు అవ్వ వండుతుంది. ఫోటోగ్రాఫరు అక్కర్లేదు. గేటు వైపు నుంచే రండి, తాళం చెవి వెంట తెచ్చుకుని.

ఇట్లు,
ఒక రొయ్యల గుంట కావలివాడి కూతురు,
నెల్లూరు జిల్లా